ఈబే పేరుతో నకిలీ మెయిల్: పట్టుకోవడం, బయటపడటం

ఆన్‌లైన్ వేలాల సైట్ ఈబేలో ఒక పాత కెమెరా మీద వేలంపాట పాడారనుకుందాం. 210 డాలర్ల దగ్గర మీరు ఆగిపోయారు. ఇంకెవరో 212 డాలర్ల 50 సెంట్లకు పాట కొట్టేశారు. మర్నాడు పొద్దున్నే మెయిల్ వచ్చింది. 'గెలిచినాయన డబ్బు కట్టలేదు, మీరు పాడిన 210కే మీకు ఇచ్చేస్తాం, సాయంత్రంలోగా చెప్పండి' అని. కెమెరా పేరు అదే. ఫొటో అదే. ధర కూడా మీరు పాడిన ధరే. చేజారిందనుకున్న వస్తువు తిరిగి చేతికొస్తోందన్న సంతోషంలో, ఈ మెయిల్ అసలు ఎవరు పంపారన్న ప్రశ్న మనసులోకి రాదు.

ఇలాంటి ఏర్పాటు ఈబేలో నిజంగానే ఉంది. దాన్ని సెకండ్ ఛాన్స్ ఆఫర్ అంటారు. గెలిచిన వ్యక్తి డబ్బు కట్టకపోయినా, అమ్మకందారు దగ్గర అదే వస్తువు ఇంకొకటి ఉన్నా, వేలం ముగిసిన 60 రోజుల్లోపు పాట పోగొట్టుకున్నవాళ్లకు ఆఫర్ పంపవచ్చు. ధర వాళ్లు పాడిన అత్యధిక మొత్తమే. గడువు 1, 3, 5 లేదా 7 రోజులు. నకిలీ మెయిల్‌కి బలమంతా ఇక్కడే ఉంది. లేనిదాన్ని కల్పించదు, ఉన్నదాన్నే అనుకరిస్తుంది. తేడా ఒక్కచోటే కనబడుతుంది: అసలు ఆఫర్‌లో కొనడం, డబ్బు కట్టడం రెండూ ఈబే లోపలే జరుగుతాయి. నకిలీ ఆఫర్ మాత్రం డబ్బును బయట ఎక్కడికో పంపమంటుంది. వైర్ ట్రాన్స్‌ఫర్ అంటుంది, గిఫ్ట్ కార్డు నంబర్లు చదివి చెప్పమంటుంది, మధ్యవర్తిగా డబ్బు దాచి ఉంచుతామనే, ఎవరూ పేరు వినని ఎస్క్రో సైట్ చూపిస్తుంది.

మరి మోసగాడికి ఓడిపోయిన బిడ్డర్ (పాట పాడిన వ్యక్తి) మెయిల్ అడ్రసు ఎలా దొరికింది? తొలినాళ్లలో ప్రతి వేలం కింద బిడ్డర్ల యూజర్ ఐడీలు అందరికీ కనిపించేవి. చాలామంది మెయిల్‌కి వాడే పేరే ఈబే ఐడీగానూ పెట్టుకునేవారు. ఆ ఐడీకి యాహూ, హాట్‌మెయిల్, ఏఓఎల్ అని ఒక్కొక్కటే తగిలించి పంపితే ఏదో ఒకటి చేరేది. అందుకే ఈబే తర్వాత బిడ్డర్ల ఐడీలను దాచేసి, రెండు అక్షరాల మధ్య నక్షత్రం గుర్తులు పెట్టి చూపించడం మొదలుపెట్టింది. ఈబే ఐడీ, మెయిల్ అడ్రసు ఒకేలా ఉండకూడదన్న సలహాకు మూలం ఇదే. పాత ఖాతాలున్నవాళ్లు ఇప్పటికైనా మార్చుకోవడం మంచిది.

పంపినవారి పేరు ఎందుకు నమ్మకూడదు

పోస్టుకార్డు మీద 'ఫ్రం' దగ్గర ఎవరి పేరైనా రాసి డబ్బాలో వేయొచ్చు. పోస్ట్‌మ్యాన్ ఆ పేరు నిజమా కాదా అని చూడడు, 'టు' అడ్రసుకు చేరవేస్తాడంతే. ఈమెయిల్ కూడా అంతే. మెయిళ్లను ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి చేరవేసే ఎస్‌ఎంటీపీ పద్ధతి 1982 నాటిది. ఒకరినొకరు ఎరిగిన కొద్దిపాటి పరిశోధనా సంస్థల మధ్య వాడుకకు తయారైనది కాబట్టి, పంపినవారెవరో నిర్ధారించే ఏర్పాటు అందులో లేదు.

ఆ లోటు పూడ్చడానికి తర్వాత మూడు తనిఖీలు వచ్చాయి. ఈ డొమైన్ (ఈబే డాట్ కామ్ లాంటి ఇంటర్నెట్ పేరు) తరఫున మెయిల్ పంపే హక్కు ఏయే సర్వర్లకు ఉందో చెప్పే జాబితా ఎస్‌పీఎఫ్. మెయిల్ మీద డొమైన్ వేసే డిజిటల్ ముద్ర డీకిమ్. ఈ రెండింటిలో ఒక్కటైనా పైకి కనబడే 'ఫ్రం' అడ్రసుతో సరిపోయిందా, లేకపోతే ఆ మెయిల్‌ని ఏం చేయాలి అన్నది చెప్పేది డీమార్క్. ఈ దారిలో ముందు నడిచినవాటిలో ఈబే, ఆన్‌లైన్ చెల్లింపుల సంస్థ పేపాల్ ఉన్నాయి. వాటి పేరుతో వచ్చి ముద్ర సరిపోని మెయిళ్లను అడ్డుకుంటామని 2007లో యాహూ, 2008లో జీమెయిల్ ప్రకటించాయి. అప్పటికి నకిలీ మెయిళ్ల తాకిడి ఈ రెండు పేర్ల మీదే చాలా ఎక్కువగా ఉండేది.

దానివల్ల మేలు జరిగింది, మోసం మాత్రం ఆగలేదు. ఈబే డాట్ కామ్ పేరునే దొంగిలించడం కష్టమయ్యాక మోసగాళ్లు దాన్ని పోలిన డొమైన్లు కొనుక్కోవడం మొదలుపెట్టారు. సొంత డొమైన్‌కి ఎస్‌పీఎఫ్, డీకిమ్ అన్నీ పద్ధతిగా పెట్టుకుంటారు. తనిఖీలన్నీ 'పాస్' అవుతాయి. ఆ తనిఖీలు చెప్పేది 'ఇది ఫలానా డొమైన్ నుంచే వచ్చింది' అని మాత్రమే. ఆ డొమైన్ ఎవరిది, వాళ్లు మంచివాళ్లా కాదా అన్నది వాటికి పట్టదు.

కాబట్టి తనిఖీ ఫలితాన్ని డొమైన్ పేరుతో కలిపి చదవాలి. జీమెయిల్‌ని కంప్యూటర్‌లో తెరిచి, మెయిల్ కుడివైపు పైన ఉన్న మూడు చుక్కలు నొక్కితే 'షో ఒరిజినల్' అని వస్తుంది. అది తెరిస్తే పైనే చిన్న పట్టికలో మూడు ఫలితాలు కనిపిస్తాయి. డీకిమ్ వరుసలో 'పాస్' పక్కన ఏ డొమైన్ రాసి ఉందో చూడాలి. అక్కడ ఈబే డాట్ కామ్ ఉందా, లేక 'ఈబే-సపోర్ట్-డెస్క్' లాంటి వేరే ఏదో ఉందా? జీమెయిల్ ఫోన్ యాప్‌లో ఈ సదుపాయం లేదు. పైగా ఫోన్‌లో 'ఫ్రం' దగ్గర పేరు మాత్రమే కనబడి, అసలు అడ్రసు దాని వెనక దాక్కుంటుంది. తొందరపెట్టే మెయిల్‌ని ఫోన్‌లో చదివి అక్కడికక్కడే స్పందించవద్దు అనేది ఇందుకే.

లింకులో ఇంటిపేరు

మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. వెబ్ అడ్రసులో ఇంటిపేరు చివర ఉంటుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే నకిలీ లింకుల్లో చాలావరకు బయటపడతాయి. 'హెచ్‌టీటీపీఎస్' తర్వాత వచ్చే రెండు గీతలు దాటాక, మొదటి ఒంటి ఏటవాలు గీత ఎక్కడుందో చూడండి. అక్కడి నుంచి ఎడమవైపుకి చదవండి. 'సైన్‌ఇన్ డాట్ ఈబే డాట్ కామ్' అని ఉండి వెంటనే గీత వస్తే ఇంటిపేరు ఈబేయే. 'సైన్‌ఇన్ డాట్ ఈబే డాట్ కామ్ డాట్ వెరిఫై-ఖాతా డాట్ నెట్' అని ఉండి అప్పుడు గీత వస్తే, ఆ ఇల్లు వెరిఫై-ఖాతా డాట్ నెట్ వాళ్లది. ముందున్న 'ఈబే' అన్నది వాళ్లు తగిలించుకున్న ముద్దుపేరు. చుక్కకు ముందు ఎవరైనా ఎన్ని పేర్లయినా పెట్టుకోవచ్చు, చివరి పేరు మాత్రం రిజిస్టర్ చేయించుకుంటేనే వస్తుంది. గీత తర్వాత ఎన్నిసార్లు ఈబే అని రాసి ఉన్నా లెక్కలోకి రాదు.

అక్షరాల మోసం ఇంకొకటి. చిన్న ఎల్ బదులు పెద్ద ఐ, ఎమ్ బదులు ఆర్, ఎన్ పక్కపక్కన, ఇంగ్లీషు ఎ బదులు అచ్చంగా అలాగే కనిపించే రష్యన్ లిపి అక్షరం. ఇవి కళ్లకు ఆనవు. అందుకే కళ్లకన్నా పాస్‌వర్డ్ మేనేజర్‌ని నమ్మడం మేలు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్ ఈబే సైట్‌లో తనంతట తానే నిండుతుంది. ఒకరోజు నిండలేదంటే, చేత్తో టైప్ చేయకుండా ఆగిపోవాలి. అడ్రసులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అది దాన్ని వేరే సైట్‌గానే చూస్తుంది. పాస్‌వర్డ్ బదులు పరికరంలోనే దాగి ఉండే డిజిటల్ తాళంచెవి, పాస్‌కీ, ఇంకా గట్టిది. అది పుట్టిన డొమైన్‌లో తప్ప ఇంకెక్కడా పనిచేయదు, బతిమాలి అడిగినా ఇవ్వడానికి మన చేతిలో ఏమీ ఉండదు.

తాళంకప్ప గుర్తు గురించి ఇంకా చాలామందిలో భ్రమ ఉంది. ఆ గుర్తుకు అర్థం మీకూ ఆ సైటుకూ మధ్య మాటలు మూడోవాడికి వినబడవని మాత్రమే. సైటే దొంగదైతే మీ పాస్‌వర్డ్ భద్రంగా దొంగ దగ్గరికే చేరుతుంది.

కోపం వచ్చేలా రాసిన మెయిల్

ఆశ పెట్టే మెయిల్ లాగే నింద వేసే మెయిల్ కూడా పనిచేస్తుంది. సాధారణంగా అది ఇలా ఉంటుంది: పైన ఈబే లోగో, దాని కింద 'ఈబే సభ్యుడి నుంచి ప్రశ్న', 12 అంకెల వస్తువు నంబరు, ఆపైన రెండు వాక్యాలు. 'డబ్బు కట్టి మూడు వారాలైంది, ల్యాప్‌టాప్ రాలేదు. రేపటిలోగా జవాబు రాకపోతే పోలీసులకు ఫిర్యాదు చేస్తాను.' కింద జవాబివ్వడానికి ఒక బటన్.

మీరు జన్మలో ల్యాప్‌టాప్ అమ్మి ఉండరు. నకిలీ మెయిల్ లెక్కంతా ఆ మాట మీదే నడుస్తుంది. 'నేను కాదు, పొరబడ్డారు' అని చెప్పాలన్న ఆరాటంలో నిజాయితీగల మనిషి బటన్ నొక్కుతాడు. లాగిన్ పేజీ తెరుచుకుంటుంది, అలవాటుగా పాస్‌వర్డ్ కొడతాడు. కొన్ని నకిలీ పేజీలు మొదటిసారి 'తప్పు పాస్‌వర్డ్' అని చూపించి ఇంకోసారి అడుగుతాయి. కంగారులో వేరే సైట్ పాస్‌వర్డ్ కూడా ఇచ్చేస్తారని. తర్వాత నెమ్మదిగా అసలు ఈబే ముఖపేజీకి పంపేస్తాయి. ఏదో చిన్న తడబాటు అనుకుని మర్చిపోతాం.

'కావాలని తప్పు పాస్‌వర్డ్ ఇచ్చి చూడండి, ఒప్పుకుంటే అది నకిలీ' అన్న పాత చిట్కాకు ఇప్పుడు కాలం చెల్లింది. నేటి నకిలీ పేజీలు మీరు కొట్టిన పాస్‌వర్డ్‌ని అప్పటికప్పుడు అసలు సైట్‌లో కొట్టి చూస్తాయి. తప్పైతే తప్పనే చెబుతాయి. సరైనదైతే ఓటీపీ కూడా అడిగి, దాన్ని గడువు తీరేలోపే అసలు సైట్‌లో వాడేసుకుంటాయి.

ఇంత చేసి దొంగిలించేది ఏమిటి? ఖాతా వెనకున్న పరపతి. పదేళ్లుగా పోగైన ఫీడ్‌బ్యాక్ ఉన్న ఖాతా చేతికొస్తే, దాని పేరు మీద ఖరీదైన వస్తువులు తక్కువ గడువుకు అమ్మకానికి పెట్టి, కొనేవాళ్ల దగ్గర డబ్బు లాగి మాయమవుతారు. నష్టపోయినవాళ్లు తిట్టేది అసలు యజమానినే. చెమటోడ్చి సంపాదించిన మంచిపేరు ఒక్క రాత్రిలో పోతుంది. దాన్ని తిరిగి కట్టుకోవడానికి ఎన్ని నెలలు పడుతుందో అమ్మకం మీద బతికేవాళ్లకు తెలుసు.

అక్షర దోషాలు, 'డియర్ యూజర్' అన్న పిలుపు చూసి నకిలీని పట్టేయొచ్చన్న సలహా కూడా పాతబడింది. భాష దిద్దిపెట్టే సాధనాలు ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్నాయి. ఇక పేరంటారా, 2014 మేలో ఈబే తానే ప్రకటించింది. కొందరు ఉద్యోగుల లాగిన్ వివరాలతో చొరబడినవాళ్లకు, దాదాపు 14.5 కోట్ల మంది ఖాతాదారుల సమాచారమున్న డేటాబేస్ అందింది. అందులో పేర్లు, మెయిల్ అడ్రసులు, ఇంటి అడ్రసులు, ఫోన్ నంబర్లు, పుట్టిన తేదీలు ఉన్నాయి. మెయిల్‌లో పేరు సరిగ్గా ఉందంటే పంపినవాడికి పేరు తెలుసని తప్ప ఇంకేమీ రుజువు కాదు.

మెయిల్ అసలైనదే, వ్యవహారం నకిలీ

తనిఖీలన్నీ దాటుకుని వచ్చే రకం కూడా ఉంది. పేపాల్‌లో ఎవరైనా ఎవరికైనా ఇన్‌వాయిస్ పంపవచ్చు. మోసగాడు అక్కడ ఖాతా తెరిచి, 'మీ ఖాతాలో 600 డాలర్ల కొనుగోలు నమోదైంది, మీరు చేయకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని ఇన్‌వాయిస్ నోట్‌లో రాసి పంపుతాడు. ఆ మెయిల్ పేపాల్ సర్వర్ నుంచే వస్తుంది. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ పేపాల్ పేరు మీదే పాస్ అవుతాయి. అబద్ధమల్లా ఆ నోట్, అందులోని ఫోన్ నంబరు. అలాగే దొంగిలించిన ఈబే ఖాతా నుంచి పంపిన సందేశం ఈబే లోపలి మెసేజ్‌గానే వస్తుంది.

అందుచేత ఎక్కువ శ్రమ పెట్టాల్సింది మెయిల్‌ని శల్యపరీక్ష చేయడంలో కాదు, అందులో చెప్పిన సంగతి ఖాతాలో ఉందో లేదో చూడటంలో. ఏ మెయిల్ వచ్చినా దాన్ని పక్కన పెట్టి, ఈబే యాప్‌నో, చేత్తో టైప్ చేసిన అడ్రసునో తెరవండి. ఖాతాకు సంబంధించి ఈబే పంపే ముఖ్యమైన మెయిల్ ప్రతి ఒక్కటీ ఖాతా లోపలి మెసేజెస్‌లో కూడా ఉంటుంది. అక్కడ లేదంటే ఆ మెయిల్ నకిలీ. వస్తువు నంబరు ఇస్తే దాన్ని ఈబే వెతుకుడు పెట్టెలో కొట్టి చూడండి. ఆఫర్ అంటే కొనుగోళ్ల పేజీలో చూడండి, డబ్బు వచ్చిందంటే ఆర్డర్ల పేజీలో చూడండి. లోపలి మెసేజే బయట డబ్బు కట్టమంటే, పంపింది ఎవరైనా సరే కట్టకండి. ఈబే మనీ బ్యాక్ గ్యారెంటీ వర్తించేది ఈబే చెకౌట్‌లో కట్టిన డబ్బుకే.

అమ్మేవాళ్లకు వచ్చే నకిలీ మెయిల్ డబ్బు కబురు చెబుతుంది. 'కొనుగోలుదారు డబ్బు కట్టేశారు, మీరు కొరియర్ ట్రాకింగ్ నంబరు పంపగానే విడుదల చేస్తాం' అని. పేపాల్ గానీ ఈబే గానీ డబ్బు సంగతి ఖాతాలో చూపించకుండా మెయిల్‌లో మాత్రమే చెప్పవు. ఖాతాలో ఆర్డర్ 'పెయిడ్' అని కనిపించేదాకా వస్తువు గడప దాటకూడదు. ఇండియాలో ఉండి విదేశాలకు అమ్మేవాళ్లు దీన్ని ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. సముద్రాలు దాటిపోయిన పార్సిల్‌ని వెనక్కి రప్పించడం దాదాపు అసాధ్యం. ఈబే 2004లో బాజీ డాట్ కామ్‌ని కొని ఇక్కడ నడిపిన దేశీయ సైట్ 2018 ఆగస్టులో మూతపడింది. ఇప్పుడు ఇక్కడున్నది ఎగుమతి అమ్మకాలే. కాబట్టి 'ఈబే ఇండియా వేలంలో కారు గెలిచారు, రిజిస్ట్రేషన్ ఖర్చు పంపండి' అని విజయవాడకో వరంగల్‌కో మెయిల్ వస్తే తనిఖీ కూడా అక్కర్లేదు.

కార్ల మోసం గురించి మాత్రం వివరంగా చెప్పుకోవాలి. అమెరికాలో మనవాళ్లు చాలామంది మొదట కొనేది పాత కారే. మోసగాడు వేరే ఏదో ప్రకటనల సైట్‌లో తక్కువ ధరకు కారు పెడతాడు. బేరం కుదిరాక, ఈబే వాహన కొనుగోలు రక్షణ ఉందంటూ లోగోతో ఇన్‌వాయిస్ పంపుతాడు. ఆ రక్షణ ఈబేలో మొదలై ఈబేలో ముగిసిన కొనుగోలుకే వర్తిస్తుంది. ఇంకెక్కడో కనిపించిన కారుకు ఈబే పేరుతో ఇన్‌వాయిస్ వచ్చిందంటే మోసమే. మరో ఆలోచన అవసరం లేదు.

'సైట్‌కి మీరే వెళ్లి చూడండి' అన్న సూత్రం కూడా చెడిపోయే సందర్భం ఒకటుంది. 2007లో బయటపడిన బేరాబ్ అనే మాల్‌వేర్ (కంప్యూటర్‌లో చొరబడి హాని చేసే సాఫ్ట్‌వేర్) అదే చేసింది. కారు మీద ఆసక్తి చూపినవాళ్లకు మెయిల్‌లో ఫొటోల స్లైడ్ షో వచ్చేది. తెరిస్తే ఫొటోలు కనబడేవి, వెనక మాల్‌వేర్ కూర్చునేది. ఆపైన ఈబే అడ్రసు చేత్తో టైప్ చేసినా, ఆ వేలం పేజీ, అమ్మకందారు ఫీడ్‌బ్యాక్ అన్నీ మోసగాళ్లు తయారుచేసినవే తెర మీదికి వచ్చేవి. దాని వెనకున్న రొమేనియా ముఠాలో ఇద్దరికి 2019లో అమెరికాలోని ఒహాయో కోర్టు 20, 18 ఏళ్ల శిక్షలు వేసింది. నేర్చుకోవాల్సింది: అమ్మేవాళ్లు పంపిన ఫొటోల ఫైలును తెరవకూడదు, ఫొటోలు లిస్టింగ్‌లోనే (ఈబేలోని అమ్మకం ప్రకటనలోనే) పెట్టమనాలి. పెద్ద మొత్తమైతే వేరే పరికరంలో, వేరే నెట్‌వర్క్‌లో అదే పేజీ తెరిచి పోల్చుకోవాలి.

నొక్కేశాక

లింకు నొక్కి, ఏమీ టైప్ చేయకుండా మూసేసి ఉంటే కంగారు పడక్కర్లేదు. ఏ ఫైలూ డౌన్‌లోడ్ కాలేదని చూసుకుని, యాంటీవైరస్ స్కాన్ ఒకసారి నడిపితే చాలు.

పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉంటే వరుస ముఖ్యం. ముందు మెయిల్ ఖాతా, తర్వాత ఈబే. మెయిల్ దొంగ చేతిలో ఉంటే ఈబే పాస్‌వర్డ్ మీరు ఎన్నిసార్లు మార్చినా అతను రీసెట్ చేసుకుంటాడు. వేరే పరికరం నుంచి మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల నుంచి సైనవుట్ చేయించి, సెట్టింగుల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు చూడండి. చాలామంది మర్చిపోయేది ఈ చివరిదే. 'ఈబే నుంచి వచ్చేవి నేరుగా చెత్తబుట్టలోకి' అని దొంగ ఒక ఫిల్టర్ పెట్టి ఉంటే, హెచ్చరిక మెయిళ్లు మీ కంటపడవు. తర్వాత ఈబేలో పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల నిర్ధారణ పెట్టి, డెలివరీ అడ్రసు, ఫోన్ నంబరు, డబ్బు జమయ్యే బ్యాంకు ఖాతా, మీరు పెట్టని లిస్టింగులు, మీరు పాడని పాటలు ఒక్కొక్కటే చూడండి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడి ఉంటే అక్కడా మార్చాల్సిందే.

కార్డు వివరాలు పోతే గంటలు లెక్కే. అమెరికాలో క్రెడిట్ కార్డు దుర్వినియోగానికి ఖాతాదారు బాధ్యత చట్టప్రకారం 50 డాలర్లు దాటదు. డెబిట్ కార్డు పోయినా, దొంగతనమైనా రెండు పనిదినాల్లో చెబితే 50 డాలర్లు, ఆలస్యమైతే 500 దాకా. స్టేట్‌మెంట్ వచ్చాక 60 రోజులూ దాటితే ఆపైన జరిగే నష్టానికి పరిమితి ఉండదు. కొనేటప్పుడు డెబిట్ కన్నా క్రెడిట్ కార్డు వాడమనడానికి కారణం ఈ లెక్కే. ఇండియాలో రిజర్వ్ బ్యాంక్ 2017 జులైలో ఇచ్చిన నిబంధనల ప్రకారం, పాస్‌వర్డో ఓటీపీయో ఖాతాదారే ఇచ్చేసినప్పుడు, బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం ఖాతాదారుదే. చెప్పిన తర్వాత జరిగింది బ్యాంకుది. అంటే భోంచేసి చేద్దాంలే అనుకున్న ఫోన్ ఖరీదు కూడా మన ఖాతాలోంచే పోతుంది. బ్యాంకుకు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. అమెరికాలో ఉన్నవాళ్లు ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదులు తీసుకునే ఎఫ్‌బీఐ ఐసీ3 పోర్టల్‌లో చేయాలి.

మెయిల్‌ని డిలీట్ చేసే ముందు ఈబేకి పంపండి. అడ్రసు: స్పూఫ్ అన్న పదం, ఎట్ గుర్తు, ఈబే డాట్ కామ్. సబ్జెక్ట్ మార్చకుండా, మెయిల్‌ని అటాచ్‌మెంట్‌గా ఫార్వర్డ్ చేస్తే హెడర్లు చెడకుండా చేరతాయి. మామూలుగా ఫార్వర్డ్ చేస్తే అసలు దారి చూపించే వరుసలు పోతాయి. స్క్రీన్‌షాట్ అయితే లింకు కూడా ఉండదు. మోసగాడికి జవాబు మాత్రం రాయొద్దు, తిడుతూ కూడా. ఈ అడ్రసులో మనిషి ఉన్నాడని అతనికి తెలియడమే మిగులుతుంది.

డబ్బు పోగొట్టుకున్న కొన్ని వారాలకు ఇంకో మెయిల్ రావచ్చు. 'మీ కేసు మా దగ్గరుంది, సొమ్ము పట్టుబడింది, విడుదల రుసుము కడితే పంపిస్తాం' అంటూ. మోసపోయినవాళ్ల జాబితాలు మోసగాళ్ల మధ్య చేతులు మారుతుంటాయి. పోయిన మొత్తం ఎంతో అంకెతో సహా రాశారంటే, ఆ అంకె వాళ్లకు తెలిసే దారి సాధారణంగా అదే. పోలీసులు గానీ, బ్యాంకు గానీ, ఈబే గానీ డబ్బు తిరిగి ఇవ్వడానికి ముందుగా రుసుము అడగవు. ఈ మెయిల్‌ని కూడా పాత ఫిర్యాదు నంబరుకు జతచేసి పంపాలి.